పదింట ఎనిమిది

"రాసుకోండి మేడం. పన్నెండున్నరకు పూజ అయిపోయింది. పన్నెండూ ముప్పై అయిదుకు నా కారు గేటు దాటింది. ఆ తరవాత ఇక్కడ ఏం జరిగిందో నాకు తెలీదు."

దర్శన్ ఈ మాట చెప్పడం ఇది మూడోసారి. మూడుసార్లూ ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. ఇరవై రెండేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో అబద్ధాలు వినడమే ఉద్యోగంగా బతికినదాన్ని. నిజం చెప్పేవాడు రెండోసారికే కాస్త తడబడతాడు. అయినా ఏం లాభం? తడబడలేదన్న నేరానికి మనిషిని లోపల వేసే చట్టం ఇంకా రాలేదు.

అతను బెంగళూరు కె.ఆర్.పురంలోని ఈ శంఖధర ఇంజనీరింగ్‌కు మేనేజరు, యజమానికి మేనల్లుడు. ఇక్కడ తయారయ్యేది వేలెడు పొడవున్న ఉక్కు పిన్ను. అది టార్పెడో ముక్కులో ఉంటుంది. టార్పెడో వెళ్ళి ఓడకు తగిలిన క్షణంలో ఆ పిన్ను ముందుకు దూకి పేలుడు మందు అంటించాలి. దూకకపోతే అంత పెద్ద ఆయుధమూ సముద్రంలో కొట్టుకుపోయే ఇనప డ్రమ్ముతో సమానం.

మొన్న బుధవారం ఆయుధ పూజ. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకూ మూడింటికీ మధ్య, క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ జయరామప్ప టెస్ట్ రూములో ఎనభై కిలోల ఇనప గుండు కింద నలిగి చనిపోయాడు. అరవై ఏడేళ్ళ ఒంటరి మనిషి. గురువారం సెలవు. శుక్రవారం ఉదయం ఏడున్నరకు తలుపు తీసి శవాన్ని చూసినవాడు ఆ గుండును పైకెత్తే హాయిస్టు ఆపరేటర్ సురేశ్. చూసి అరిచినందుకు పోలీసులు అతన్నే పట్టుకుపోయారు. ఈ రోజు, శనివారం, మూడు గంటలకు మెజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. ఇప్పుడు పది యాభై.

బయట గేటు దగ్గర సురేశ్ భార్య రేణుక నిలబడి ఉంది. మడకశిర వైపు మనిషి. బ్రూక్‌ఫీల్డ్‌లో కడుతున్న అపార్టుమెంట్లకు కాంక్రీటు మోస్తుంది. నేను విడిగా ఇలాంటి కేసులు చూస్తానని ఎవరో చెబితే నిన్న సాయంత్రం నా ఇంటికొచ్చింది, కూర్చోమన్నా కూర్చోలేదు. "మా ఆయన చీమనుగూడా తొక్కడక్కా. రేపు మూడు గంటలకు కోర్టుకు పోతే మళ్ళీ ఇంటికి రాడంట, పోలీసాయప్ప చెప్పినాడు" అంది. మూడింటి దాకే నా గడువు.

"గేటు రిజిస్టర్లో మీ కారు లేదే?" అన్నాను.

"ఓనర్స్ కార్లు ఎంటర్ చెయ్యరు మేడం. ఆ ఇన్‌స్ట్రక్షన్ నాదే."

"జయరామప్ప పూజ అయ్యాక కూడా ఇక్కడే ఉన్నాడని మీకెప్పుడు తెలిసింది?"

"ఫ్రైడే, బాడీ దొరికాక. పూజలో ప్రసాదం తీసుకుంటుంటే చూశాను, అంతే. తరవాత ఆయనతో మాట్లాడింది లేదు."

"ఏం టెస్టు చేస్తున్నాడు?"

"రిజిస్టర్ ఉంది కదా. టెన్ డ్రాప్స్, టెన్ పాస్. పక్కన సురేశ్ సంతకం. పదకొండోసారి వాడు చూసుకోకుండా గుండు వదిలాడు, పెద్దాయన కింద ఉన్నాడు. ఇంత సింపుల్ కేసుకు మీరెందుకు మేడం?" అతను సొరుగు లాగి ఒక పాత ఫైలు బల్ల మీద పడేశాడు. "ఇదిగో, ఆయన రాసుకున్న పురాణం. రెండో ప్రపంచ యుద్ధంలో సబ్‌మెరీన్ టార్పెడోలు. ఎవరిది పవర్‌ఫుల్, ఎవరిది రిలయబుల్. పదింట ఎనిమిది ఫెయిలంట! అది పట్టుకొని చిన్నపిల్లాడిలా గంతులు. ఎనభై ఏళ్ళ కిందటి సామాను గురించి ఇప్పుడెవరికి కావాలి?"

చనిపోయినవాడి చేతిరాతను అలా విసిరేస్తే నాకు ఒళ్ళు మండింది. మండినా ఫైలు తీసుకున్నాను. దర్శన్ గడియారం చూసుకుని, లాయర్‌తో పనుందంటూ లేచాడు. పదకొండూ అయిదుకు అతని కారు గేటు దాటడం నేనే చూశాను. ఈసారి కూడా ఎవరూ రిజిస్టర్లో రాయలేదు.

వరండాలో బెంచీ మీద కూర్చుని ఫైలు విప్పాను. నలభై పేజీలు. ఆకుపచ్చ సిరా, స్కేలు పెట్టి గీసిన గళ్ళు. ఒక్కో దేశానికి ఒక్కో గడి. ఎంత మందు, ఎంత వేగం, ఎంత దూరం. అన్నిటికన్నా వెడల్పయిన గడి మీద 'నమ్మకం' అని రాసి ఉంది.

జయరామప్ప ఇలా రాశాడు:

"శక్తిలో జపానువారి తొంభై అయిదో నమూనాకు సాటి లేదు. ప్రాణవాయువుతో నడుస్తుంది. గంటకు తొంభై కిలోమీటర్ల పైన వేగం, తొమ్మిది కిలోమీటర్ల దూరం, ముక్కులో నాలుగు వందల కిలోల మందు. జర్మనీవారి కరెంటు టార్పెడోకు వేగం తక్కువే. కాని నీటి మీద బుడగల చార కనబడదు గనక ఎటునుంచి వచ్చిందో తెలియదు. ఇక అమెరికావారి పద్నాలుగో నమూనా. కాగితం మీద చూస్తే దానికి వంక పెట్టలేము. సముద్రంలో మాత్రం పెట్టిన లోతుకంటే పదడుగులు కిందనుంచి పోయేది. దాన్ని సరిచేస్తే అయస్కాంతపు పేలుడు యంత్రం అకాలంలో పేలేది. దాన్నీ తీసేస్తే పిన్ను సంగతి బయటపడింది. టార్పెడో ఓడకు నేరుగా, నిటారుగా తగిలితే ఆ దెబ్బకు పిన్ను నలిగిపోయేది. పక్కవాటుగా తగిలితే మాత్రం పేలేది. అంటే గురి బాగా కుదిరినవాడికే పేలలేదు.

"కెప్టెన్లు మొత్తుకున్నారు. ఆఫీసులో కూర్చున్నవారు 'మీకు గురి రాదు' అన్నారు. చివరికి సబ్‌మెరీన్‌వారే క్రేను మీదనుంచి ఉక్కు పలక మీదికి వేసి చూశారు. నేరుగా తగిలేలా వేస్తే పదింట ఏడు పేలలేదు. పలకను వాలుగా పెట్టి వేస్తే అందులో సగమే తప్పాయి. జర్మనీవారికి కూడా నార్వే దగ్గర ఇలాంటి గతే పట్టింది. వారు బాధ్యులను విచారణకు నిలబెట్టారు. అమెరికాలో ఎవరినైనా శిక్షించినట్టు నాకు ఎక్కడా దొరకలేదు.

"ముక్కులో ఎంత మందు కూరారని కాదు, తగిలినప్పుడు పేలుతుందా అని అడగాలి."

దాని తర్వాతి పేజీ లేదు. కుట్టు దగ్గర చింపిన అంచు కొత్తగా, తెల్లగా ఉంది.

సముద్రం అడుగున ప్రాణాలు పణం పెట్టినవాడిది తప్పు, కుర్చీలో కూర్చున్నవాడిది ఒప్పు. దేశం మారినా, ఎనభై ఏళ్ళు గడిచినా ఈ పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు. ఇక్కడ హాయిస్టు నడిపేవాడిది తప్పు.

గేటు దగ్గరికి వెళ్ళి రేణుకను అడిగాను. "టెస్టు రిజిస్టర్లో బుధవారం మీ ఆయన సంతకం ఉండాది. ఎట్లా?"

"సోమారం పొద్దున్నే వారానికంతా పెట్టించుకుంటారక్కా. అందురూ అట్లే పెడతారు. ఆ పొద్దు ఆయన మిషనే ముట్టలేదు. తాళంచెవి అమ్మవారి పటం ముందర పెట్టేసినాడు. పూజకు పెట్టింది మరుసటి దినం దాకా ఎవురూ తీయరు కదా. ఆ మీద ప్రసాదం పెట్టిన ఆకులు ఎత్తేసి, ఆ కొసన ఉండే షెడ్డంతా చిమ్మి రెండుంబావుకు బయటపడినాడు." చీర కొంగులోంచి ఫోన్ తీసింది. "చూడు, పూజప్పుడు ఎంత సంబరంగా ఫోటో పంపినాడో."

బుధవారం పదకొండూ పన్నెండుకు పంపిన ఫోటో. టెస్ట్ రూములో హాయిస్టుకు రెండు పక్కలా అరటి పిలకలు, గుండుకు బంతిపూల దండ. కింద వాలుగా బిగించిన ఉక్కు పలక, దాని నడుమ రూపాయంత కుంకుమబొట్టు. ఫోటోను నా ఫోనుకు పంపించుకున్నాను.

టెస్ట్ రూము తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ హేమంత్‌కుమార్ నిలబడి ఉన్నాడు. మా ఇద్దరికీ పాత లెక్క ఒకటుంది. మడివాళలో ఒక పీజీ హాస్టల్ తగలబడినప్పుడు అది ప్రమాదం కాదని సాక్ష్యం తవ్వి తీసింది నేను. ఆ పేరు తన ఖాతాలో వేసుకుని ఆయన ప్రమోషన్ తెచ్చుకున్నాడు. కంపెనీని అడగకుండా సాక్ష్యం పోలీసులకిచ్చినందుకు నాకు ఉద్యోగం పోయింది.

"ఏమి అలివేలమ్మా, ఇంకా రిటైర్ కాలేదా?"

"తప్పుడు కేసులు అయిపోతే అవుదామని చూస్తా ఉండాను సార్."

"ఐదు నిమిషాలు. దర్శన్ చెప్పినాడని ఒప్పుకున్నా, లేకుంటే ఈ రూములోకి పిల్లిని గూడా రానియ్యను."

"మీకు ఆర్డరేసేది దర్శనా సార్?"

ఆయన ముఖం ఎర్రబడింది. నేను లోపలికి నడిచాను.

గది చివర మోకాలి లోతు గుంట. గుంటలో ఇనప దిమ్మె. దిమ్మె మీద నాలుగు బోల్టులతో బిగించిన వాలు పలక. పైన గొలుసుకు వేలాడుతున్న గుండు. ఆ గుండు ముక్కుకు పిన్ను తొడిగి పదడుగుల ఎత్తునుంచి వదులుతారు. పిన్ను వంగకుండా దూకితే పాస్. గుంటకు అవతలి పక్క గోడ బెత్తెడు దూరంలో ఉంది. కొత్తగా సున్నం కొట్టిన తెల్లగోడ.

నేను ఫోనులో ఫోటో చూశాను, పలకను చూశాను. మళ్ళీ ఫోటో చూశాను. తర్వాత ఊడ్చే పిల్లమ్మను పిలిపించాను. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. ఈ ఫ్యాక్టరీ షెడ్డుగా ఉన్న రోజులనుంచీ ఇక్కడే పని.

"ఆ ముసలామెను ఎందుకు లోపలికి..." అంటూ హేమంత్‌కుమార్ అడ్డుపడ్డాడు.

"ఈ గదిలో పసుపు కుంకుమ పెట్టింది ఆమె సార్. మీ ఫోరెన్సిక్‌వాళ్ళకన్నా ముందు ప్రతి సామానూ ముట్టుకొని చూసిన మనిషి. పిల్లమ్మా, బుధవారం జయరామప్పను కడసారి ఎప్పుడు చూస్తివి?"

"ఒంటిగంటకు పావు తక్కువప్పుడప్పా. నేను ఇంటికి పోతా ఉంటిని, ఆయన ఈ రూములోకి పోతా ఉండె. పూజ అయినాక మిషన్ ముట్టకూడదు సామీ అంటిని. 'నీళ్ళ కింద ఉండే పిల్లోళ్ళకు ఎవురు పూజ చేస్తారే పిల్లమ్మా? సోమారం లారీ పోతుంది, నాకు ఈ పొద్దు తప్పితే దినం లేదు' అనె." ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "బంగారట్లాంటి మనిషి. ఊరకే పోగొట్టిరి."

"ఈ పలకకు బొట్టు యాడ పెడితివి?"

"నడిమధ్య, వాకిలి తట్టుకు. వచ్చేవాళ్ళకు కనపడాల కదప్పా." ఆమె గుంటలోకి వంగి చూసి ఆగిపోయింది. "ఇదేంది? బొట్టు గోడ తట్టుకు ఉండాదే! ఆ సందులో నా చెయ్యి గూడా పట్టదు, ఆ పక్క నేనెట్ల పెడతా?"

హేమంత్‌కుమార్‌కు ఫోటో చూపించాను. ఫోటోలో పలక వాలు తలుపు వైపుకు ఉంది. ఇప్పుడు గోడ వైపుకు ఉంది.

"పూజ అయినాక దీన్ని ఎవురో విప్పి మళ్ళీ బిగించినారు సార్."

"సరే, సురేశ్ బిగించినాడు. అయితే ఏమి?"

"వాడు మూడేండ్లుగా దినామూ బిగించే మనిషి. వాలు గోడ తట్టు పెడితే గుండు జారి గోడను పగలగొడుతుందని వానికి తెలీదా? కండ్లు మూసుకొని చేసినా అట్ల బిగించడు. ఇది ఎప్పుడూ స్పానర్ పట్టనోడి పని. రిజిస్టర్లో పదిసార్లు వాలు పలక మీద గుండు వేసినట్టు ఉండాది. గోడ చూడండి, గీత లేదు. బొట్టు చూడండి, చెదరలేదు. ఆ రాత అంతా కల్ల."

"అలివేలమ్మా, బొట్టు చూపించి మెజిస్ట్రేట్ ముందర కేసు గెలుస్తావా?" ఆయన నవ్వాడు. మడివాళలోనూ ఇలాగే నవ్వాడు.

"బొట్టు వద్దు సార్. పలక విప్పించండి."

"టైమ్ లేదు."

"మూడేండ్ల కిందట మడివాళలో కూడా నా పేరు రాసేదానికి మీకు టైమ్ లేదంటే నేను మాట్లాడకుండా ఊరుకుంటి. ఈసారి విప్పకపోతే లాయర్‌ను తీసుకొని మీకన్నా ముందే కోర్టు వాకిట్లో ఉంటా. వద్దన్నది మీరేనని మీ పేరు రాసి ఇస్తా."

ఆయన కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. నాలుగు బోల్టులు విప్పడానికి ఏడు నిమిషాలు పట్టింది. ఇద్దరు పట్టి పలకను పైకి ఎత్తారు.

కింద చదునైన దిమ్మె మీద పది కొత్త సొట్టలు మెరుస్తున్నాయి. వాటి మీదుగా ఎండి నల్లబడ్డ రక్తం.

జయరామప్ప చేసిందేమిటో చిన్నపిల్లవాడికి కూడా అర్థమయ్యేలా అక్కడ ఉంది. వాలు పలక మీద వేస్తే పిన్నులు ఎప్పుడూ పాసవుతాయి. అందుకే ఈ ఫ్యాక్టరీలో ఇంకో రకంగా వెయ్యరు. ఆయన పలక తీసేసి, పటం ముందున్న తాళంచెవి తెచ్చుకొని, చదును దిమ్మె మీద నిటారుగా పదిసార్లు వేసి చూశాడు. పదకొండోది ఆయన మీద పడింది. ఆ రక్తం మీద పలక బిగించి, రిజిస్టర్లో పది అబద్ధాలు రాసినవాడు వేరే ఉన్నాడు.

"పెద్దాయన చచ్చి లేచి వచ్చి బిగించినాడంటారా సార్?" అన్నాను. అనకుండా ఉండాల్సింది, కాని మడివాళ నుంచి దాచుకున్న కోపం అది.

హేమంత్‌కుమార్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "సరే. సురేశ్ కాదు. ఎవురు మరి?"

"శవం మీద దొరికిన సామాన్ల జాబితా చదవండి."

ఆయన కాగితం తీశాడు. "కండ్లజోడు ఒకటి. పెన్ను ఒకటి, ఆకుపచ్చ సిరా. చొక్కా జోబులో మేకులు పది."

"పోలీసులకు అన్నీ మేకులే. చూపించండి."

కవరు విప్పి నా అరచేతిలో పోశారు. వేలెడు పొడవు ఉక్కు పిన్నులు. ఒక్కొక్కటే కిటికీ చట్రం మీద పేర్చాను. నలిగి వంగినవి ఒక వరుస, తిన్నగా ఉన్నవి ఒక వరుస. వంగినవి ఎనిమిది, మంచివి రెండు.

ఫైలు విప్పి ఆ పేజీ మళ్ళీ చదివాను, మిగతావీ తిరగేశాను. పదింట ఏడు. అమెరికావాళ్ళ సంగతి ఏడు. నలభై పేజీల్లో ఎక్కడా ఎనిమిది లేదు. ఎనిమిది రాసిన పేజీని చింపేశారు. పిన్నులు శుక్రవారం నుంచీ పోలీసు కవర్లో ఉన్నాయి, వాటిని మేకులన్నారు, ఎవరూ లెక్కబెట్టలేదు. ఆ లెక్క తెలియాలంటే బుధవారం మధ్యాహ్నం ఈ గుంట పక్కన నిలబడి జయరామప్ప నోటినుంచి వినాలి. లేదా ఆ పేజీ చదివి చింపాలి.

"పొద్దున దర్శన్ నాతో అన్నాడు సార్, పదింట ఎనిమిది ఫెయిలంట, గంతులేసినాడు అని. పూజ అయినాక ఆయనతో మాట్లాడనే లేదన్నాడు. అది యుద్ధం నాటి మాటేమోనని నేనూ వదిలేస్తి." నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ మాట విన్నప్పుడే ఫైలు తెరిచి ఉంటే అతన్ని గేటు దాటనిచ్చేదాన్ని కాదు. "ముందు వాన్ని పట్టుకోండి. లాయర్ దగ్గరికని పోయినాడు."

హేమంత్‌కుమార్ కదల్లేదు. ఆయన ముఖంలో రంగు పోయింది. నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడని ముఖం అది.

"ఏమి సార్?"

"సురేశ్ స్టేషన్లో లేడు." ఆయన టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇంకా అరెస్ట్ చూపించలేదు, ఎంక్వైరీకని కూర్చోబెట్టినాము అంతే. పదకొండున్నరకు దర్శన్ పోయి పూచీకత్తు మీద తీసుకొనిపోయినాడు. లాయర్ దగ్గర కూర్చోబెట్టి, ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని నచ్చజెప్పి, మూడింటికి నేనే కోర్టుకు తెస్తా అన్నాడు. నేనే ఫోన్లో సరే అంటిని."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు గలాటా చేస్తావని."

ఆయన దర్శన్ నంబరు కలిపాడు. స్పీకర్లో స్విచ్ ఆఫ్ అని వచ్చింది. రెండోసారీ అదే. నేను గడియారం చూశాను. పన్నెండూ పదమూడు. పలక ఎటు బిగించాలో, సంతకాలు ఎప్పుడు పెట్టించుకుంటారో, తాళంచెవి ఎక్కడ పెట్టాడో కోర్టులో చెప్పగల ఒకే ఒక్క మనిషి ఆ కారులో ఉన్నాడు. సురేశ్ నేరం ఒప్పుకుని మళ్ళీ కనబడకుండా పోతే, ఈ కేసులో దర్శన్ పేరు ఎవరూ ఎత్తరు.

బయట పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు. గేటు దగ్గర ఆపిన సెక్యూరిటీని తోసుకుని రేణుక తలుపులోకి వచ్చింది. ఆయాసపడుతోంది. రెండు రోజుల్లో మొదటిసారి ఆ ముఖంలో నవ్వు చూశాను.

"అక్కా! మా ఆయన ఫోన్ చేసినాడక్కా, ఇప్పుడే! ఎవురో హోటలాయప్ప ఫోన్ ఇప్పించుకొని మాట్లాడినాడు. దర్శన్ సారు విడిపించినాడంట. అన్నం గూడా పెట్టించినాడంట. నేను వాళ్ళను ఎన్ని మాటలు అంటినో, నా నోరు పడిపోను." చేతులు జోడించి హేమంత్‌కుమార్‌కు దండం పెట్టింది. "హొసకోట దాటినామని చెప్పినాడు సార్. సారు ఏదో చెరువు కాడ తోట చూపిస్తాడంట, ఆడ కూర్చొని కేసు సంగతి మాట్లాడుకుంటారంట."

హేమంత్‌కుమార్ అప్పటికే జీపు వైపు పరుగెత్తుతున్నాడు. కోర్టు ఇటు నగరంలో ఉంది, హొసకోట అటు నగరం బయట. రేణుక ఆయన వెనక చూసి, నావైపు తిరిగింది. ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"కోర్టుకు పొయ్యే దోవ అదే కదక్కా?"

నేను ఆమె చెయ్యి పట్టుకుని జీపు వైపు లాగాను.